నట్టు మీద గీత

కదిలింది, సందేహం లేదు, కదిలింది. నిన్న సాయంత్రం తను గీసినప్పుడు ఆ పసుపు గీత నట్టు మీద మొదలై కిందికి దిగి ఇంజను ఇనుము మీద ఆగేదాకా తెగని దారంలా ఉంది. ఇప్పుడు నట్టు మీది ముక్క ఒక పక్కకు జరిగిపోయి, ఇనుము మీది ముక్క ఒంటరిగా మిగిలి, రెంటికీ నడుమ వడ్లగింజంత ఎడం. హెబ్రోను మోకాళ్ళ మీద ఇంకాస్త వంగి, కాలవ నీళ్ళ మీది ఎండ కంట్లో పడకుండా తువ్వాలు నుదుటికి అడ్డం పెట్టుకుని మళ్ళీ చూశాడు. కళ్ళ తప్పేమో అనుకున్నాడు, యాభైకి దగ్గరపడిన కళ్ళు గదా అనుకున్నాడు, కాని పక్క నట్టూ అంతే, దాని కిందిదీ అంతే. అవన్నీ పట్టి ఉంచేది ఒకే సామాను, మాగ్నెటో, ఇంజనులో నిప్పురవ్వ పుట్టించేది, బండికి ప్రాణం అనదగ్గది ఏదన్నా ఉంటే అది. దాన్ని ఎవరో విప్పారు. విప్పి మళ్ళీ బిగించారు. ఎవరో ఏమిటి, నెల్లూరులో తమ రిపేరు షెడ్డులో ఉండేదే ఇద్దరు, తనూ తన బామ్మర్ది జ్ఞానప్రకాశమూ, ఆ ఇద్దరిలో తను విప్పలేదు. విప్పనివాడు ఇక్కడ మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాడు, విప్పినవాడు పడవవాణ్ణి పిలుచుకొస్తానని గట్టు వెంబడి పోయి ఎంతసేపయిందో, ఇంకా రాలేదు. ఎందుకు రాలేదు? పడవవాడు చిన్నపోలయ్య ఇల్లు ఆ తాటితోపు వెనకే గదా. అంత దూరానికి ఇంతసేపా? దారిలో ఎవరన్నా కలుస్తామని చెప్పి ఉన్నారా?

బండి సరుగుడు చెట్ల పల్చటి నీడలో స్టాండు మీద నిలబడి, ఏమీ ఎరగనట్టు చల్లారుతూ ఉంది. పాత మిలిటరీ బియస్సే మోటారు సైకిలు, యుద్ధం నాటిది. మద్రాసులో వేలం వేసిన మిలిటరీ సామానులో ఎవరో కొని, ఎవరికో అమ్మి, వాళ్ళు ఎండకూ వానకూ వదిలేసి, చివరకు కాలవ అవతల సరుగుడు తోటలున్న కామాక్షయ్య చేతికొచ్చింది. జీపు దిగబడే ఇసకలో ఇదొక్కటే పోతుందని ఎవరో చెబితే నమ్మి, ఆయన ఆ తుప్పు కుప్పను ఎద్దుల బండి మీద నెల్లూరు పంపించాడు. 'హెబ్రోనుగారూ, దీన్ని మళ్ళా బండిని చెయ్యండి' అన్నాడు. ఏడాది దాటింది. తుప్పు పట్టిన బోల్టులను కిరసనాయిల్లో నానబెట్టి, ఊడిరానివాటిని వేడిచేసి, వేడికీ లొంగనివాటిని ప్రార్థన చేసి విప్పారు. క్లచ్చిలోకి బిరడాలు దొరక్కపోతే ఆస్పత్రిలో మందు సీసాల బిరడాలు తెచ్చి బ్లేడుతో కోసి అమర్చారు. పెట్రోలు ట్యాంకు గీకుతుంటే పచ్చరంగు కింద ఇసకరంగు, ఇసకరంగు కింద మళ్ళీ పచ్చ. బండి ఎన్ని దేశాలు మారిందో, మారిన ప్రతిసారీ ఒక పొర కప్పారు. ఆ పొరలు చూస్తుంటే హెబ్రోనుకు ముచ్చట కలగలేదు, ఒక్కో పొర కింద ఎవడు ఏ సొట్టను దాచి కప్పాడో అనే ఆలోచనే వచ్చింది, వేళ్ళతో తడిమి తడిమి చూశాడు, రెండు చోట్ల నిజంగానే సీసం పోసి పూడ్చిన సొట్టలు దొరికాయి. దొరికినప్పుడు కలిగిన తృప్తి, రిపేరు పూర్తయినప్పుడు కూడా కలగలేదు. చూశావా, నేను అనుకోలేదూ, అని ప్రకాశంతో అన్నాడు. ప్రకాశం నవ్వి, 'నీకు దేవదూత కనపడినా రెక్కలు లాగి చూస్తావు బావా' అన్నాడు.

అప్పుడు నవ్వాడు గదా తనూ. ఇప్పుడా నవ్వు గుర్తొస్తే ఒళ్ళు మండుతోంది. అనుమానపు మనిషని ఎదుటివాడి మీద ముందే ముద్ర వేసిపెడితే, రేపు అతను నిజం పట్టుకున్నా ఎవరు నమ్ముతారు? వాడు అప్పటినుంచే దారి వేసుకుంటున్నాడన్నమాట.

గీత పెట్టడం హెబ్రోను బర్మా సరిహద్దులో మిలిటరీ వర్క్‌షాపులో నేర్చుకున్నాడు. నట్టు బిగించాక అగ్గిపుల్ల కొన రంగులో ముంచి నట్టు మీది నుంచి కింది ఇనుము మీదికి ఒక గీత లాగడం, అంతే పని. నట్టు ఏ కాస్త తిరిగినా గీత విరుగుతుంది. అక్కడి దొరలు దాన్ని ఏమనేవాళ్ళో, తను మాత్రం సాక్షి అనుకునేవాడు. వానలో, బురదలో, ఏనుగులు కూడా జారే కొండదారిలో కబుర్లు మోసుకుపోయే పంజాబీ కుర్రవాడొకడు ముందు చక్రం ఊడి లోయలో పడ్డాడు. ఆ బండి అంతకు ముందురోజు హెబ్రోను చేతి కింది నుంచి పోయిందే. ఆఫీసర్లు పిలిచి నిలబెట్టారు. ఏం చెప్పినా కూలీవాడి మాట. బండిని తాళ్ళతో పైకి లాగి చూస్తే గీత విరిగి ఉంది, దారిలో ఎవరో పంక్చరు కోసం విప్పి సరిగా బిగించలేదని తేలింది. ఆ పూట తన తరఫున మాట్లాడింది ఆ గీతే, తోటివాళ్ళెవరూ నోరు మెదపలేదు. అప్పటినుంచి హెబ్రోను మనుషుల మొహాల కేసి చూడటం తగ్గించి నట్ల కేసి చూడటం ఎక్కువ చేశాడు. మొహం ఎటు కావాలంటే అటు తిరుగుతుంది, తిరిగినట్టు గుర్తు మిగలదు.

"ఏందన్నా, ఆ బండికి మొక్కుకుంటా ఉండావా? వచ్చినప్పట్నుంచీ దాని కాళ్ళకాడే పడుండావు. మీ దేవుడు ఒప్పుకుంటాడా?"

ఉలిక్కిపడి కుడిచెయ్యి జేబులో పెట్టుకున్నాడు. ఎండుచేపల గంప పక్కన పెట్టుకుని అవతలి ఒడ్డుకు పోవడానికి కాచుకుని ఉన్న మస్తానమ్మ, కాళ్ళు చాపుకుని తమలపాకు నములుతూ ఇటే చూస్తోంది. ఆమె ఎంతసేపటినుంచి చూస్తోంది? తను నట్ల దగ్గర మొహం పెట్టడం చూసిందా? ఈమె కూడా ప్రకాశం కాపలా పెట్టిన మనిషి కాదు గదా?

"నట్లు చూస్తుండా," అన్నాడు.

"నట్లు యాడికి పోతాయి? బిగించినాంక ఆడే గదా ఉండేది."

"ఉండవు. అందుకే చూస్తుండా."

"అబ్బో. నీ పెళ్ళాన్ని గూడా ఇట్టనే చూసుకుంటావా ఏంది, పొద్దున ఒకసారి సాయంత్రం ఒకసారి?" కిసుక్కున నవ్వి, నవ్వుతూనే ఉమ్మి, నోరు తుడుచుకుంది. "మీ బామ్మర్ది బలే మనిషన్నా. పోతాపోతా ఎన్ని సార్లు ఎనక్కి తిరిగి చూసినాడో. బండిని చూసినాడో నిన్ను చూసినాడో."

తిరిగి చూశాడా? హెబ్రోను గమనించలేదు, అప్పుడు ముందు చక్రం మీద ఉంది ధ్యాస. దారి పొడుగునా ఆ చక్రం వణికింది. బండి దిగగానే, ప్రకాశం పడవ కోసం పోగానే, తనే దాని ఇరుసు నట్టు పళ్ళు బిగబట్టి బిగించి, పైన తాజాగా గీత పెట్టాడు. ఆ సమయంలోనే అన్నమాట వాడు తిరిగి చూసింది. బావ ఎక్కడ చెయ్యి పెడుతున్నాడు, ఏది కనిపెడుతున్నాడు అని. దొంగకు ఉండేది ఆ భయమే గదా, దాచినచోటి వైపు చూడకుండా ఉండలేడు. ఇన్నాళ్ళూ పొడిపొడిగా ఉన్న సంగతులన్నీ ఆ ఒక్క మాటతో తడిసి ముద్దకట్టాయి. క్రిస్మస్‌కు ముందు మద్రాసునుంచి పాత సామాన్లు కొనేవాడొకడు షెడ్డుకొచ్చాడు, అసలు మాగ్నెటోలు ఎక్కడున్నా కొంటానన్నాడు, ఈ రోజుల్లో దొరికేవన్నీ లేతు మిషను మీద ఇక్కడే చేసిన నకళ్ళన్నాడు. హెబ్రోను పొమ్మన్నాడు. ప్రకాశం వాణ్ణి సాగనంపడానికి వీధి చివరిదాకా పోయాడు. అంతదూరం ఏమిటి మర్యాద? ఆ తరువాతే గదా ప్రకాశం సాయంత్రాలు షెడ్డులో ఆగిపోవడం మొదలైంది. 'నువ్వు పో బావా, అక్క ఎదురు చూస్తుంటాది, నేను సామాన్లు సర్ది తాళమేసుకోనొస్తా.' సర్దడానికి ఏముంటుంది అక్కడ, రోజూ? పదేళ్ళనుంచి పక్కపక్కన కూర్చుని పనిచేసినవాడికి ఇప్పుడు కొత్తగా శుభ్రం పట్టుకుందా? ఈ ఉదయం కూడా తను హ్యాండిల్ మీద చెయ్యి వేసేలోపలే ఎగిరి సీటు మీద కూర్చున్నాడు. 'నేను తోలతా, నువ్వు ఎనక కూచో, గాలి పోసుకో' అన్నాడు. ఎందుకు? తను తోలితే ఇంజను చప్పుడులో తేడా పట్టేస్తాననా?

తేడా ఉందా? హెబ్రోను కళ్ళు మూసుకుని దారిలో విన్న చప్పుడును మళ్ళీ వినడానికి ప్రయత్నించాడు. నెల్లూరు దాటేటప్పుడు బాగానే ఉంది. ఇందుకూరుపేట దాటాక ఎక్కడో ఒకసారి మింగినట్టు అనిపించింది, లేక ఇప్పుడు అనుకుంటున్నందువల్ల అప్పుడు అనిపించినట్టుందా? కళ్ళు తెరిచాడు. కాలవలో కట్టెల పడవొకటి తెరచాప దించుకుని దక్షిణానికి, మద్రాసు వైపు, నిద్రపోతున్నదానిలా జారిపోతోంది. దాని మీద ఏముందో పైకి కనిపించేది కట్టెలే. కట్టెల కింద ఏముందో ఎవరికి తెలుసు, ఏ నూనెగుడ్డలో చుట్టిన ఏ మాగ్నెటో ఉందో.

పెళ్ళాం నవోమికి తెలుసా? తెలిసే ఉంటుంది. తోడబుట్టినవాడు. సంక్రాంతి లేదు, ఈస్టరు లేదు, ఎప్పుడూ వంటింట్లో ఇద్దరూ గుసగుసలే, తను గడపలో కాలు పెడితే గిన్నెల చప్పుడు. వానాకాలం వెళ్ళినప్పటినుంచి నవోమి కాఫీ గ్లాసు నిండా పొయ్యడం మానేసింది, సగానికి పోసి ఇస్తుంది, అయిపోయాక మళ్ళీ సగం. అడిగితే 'వేడిగా తాగుతావని' అంటుంది. ముప్ఫయ్యేళ్ళు చల్లార్చుకుని తాగినవాడికి ఇప్పుడు వేడి కావాలని ఆమెకు ఎవరు చెప్పారు? గుడిలో కూడా అంతే. ప్రభు బల్ల ఆదివారం ద్రాక్షరసపు గిన్నెలున్న పళ్ళెం వరసల వెంబడి పట్టుకుపోయే పని ఎప్పటినుంచో హెబ్రోనుది. పోయిన నెల పాస్టరు సమాధానంగారు మెల్లగా పక్కకు పిలిచి, 'మీ గొంతు బాగుంటుంది, మీరు వాక్యం చదవండి, పళ్ళెం జ్ఞానప్రకాశం పట్టుకుంటాడు' అన్నారు. తన గొంతు బాగుంటుందని ఆయనకు ఇన్నేళ్ళకు తెలిసిందా? వాడే చెప్పి ఉంటాడు. షెడ్డులో పని, గుడిలో పళ్ళెం, ఇంట్లో పెత్తనం, ఒక్కొక్కటే, నట్టు తరువాత నట్టు విప్పుకుంటూ వస్తున్నాడు, చప్పుడు లేకుండా, పనివాడు విప్పినట్టు. విప్పడం నేర్పింది తనే.

అయితే ఇవాళతో సరి. బండి దాటాలి, కామాక్షయ్య కళ్ళం దగ్గర ఆయనా ఆయన మనుషులూ చుట్టూ నిలబడతారు, అప్పుడు తను బండి స్టార్టు చెయ్యడు. స్పానరు తీసుకుని అందరి ముందూ మాగ్నెటో విప్పి బయట పెడతాడు. ఇది నేను కూర్చింది కాదు కామాక్షయ్యగారూ, అసలుది ఎక్కడుందో వీణ్ణి అడగండి. అంతే. ఆ తరువాత ప్రకాశం దారి ప్రకాశానిది. నవోమి ఏడుస్తుంది. ఏడవనీ. ఆ ఊహలో ప్రకాశం మొహం పాలిపోవడం, కామాక్షయ్య కనుబొమలు పైకి లేవడం చాలా స్పష్టంగా కనిపించాయి, ఒక్కటే కనిపించలేదు, స్పానరు పట్టుకున్న తన చెయ్యి. ఆ చోట బొమ్మ మసకేసిపోతోంది. మళ్ళీ మొదటినుంచి ఊహించాడు. మళ్ళీ అక్కడే మసక.

అయినా కామాక్షయ్య తేలిగ్గా నమ్మే మనిషి కాదు. గీత జరిగితే ఏమయిందయ్యా, దారిలో కుదుపులకు జరగదా, అంటాడు. కుదుపుకు జరిగితే నట్టు వదులయ్యే వైపు జరుగుతుంది, ఇవన్నీ బిగిసే వైపు జరిగాయి. విప్పినవాడు మళ్ళీ బిగించేటప్పుడు భయంకొద్దీ ఎక్కువ బిగించాడు, గీత దాటిపోయింది. ఇది కళ్ళ ముందు చేసి చూపిస్తే ఎవరైనా ఒప్పుకుంటారు. చూపించేముందు తను ఒకసారి చేసి చూసుకోవాలి. దేనిమీద? ముందు చక్రం నట్టు ఉంది, ఇందాకే తను బిగించి గీత పెట్టింది, ప్రకాశం చెయ్యి తగలనిది, ఈ బండి మొత్తానికి నమ్మకమైన నట్టు అదొక్కటే. దాన్ని విప్పి, మళ్ళీ బిగించి, గీత ఎంత దాటుతుందో చూస్తే చాలు.

సంచిలోంచి స్పానరు ఎడమచేత్తో తీశాడు. ఎడమచేత్తో ఎందుకు తీశాడో ఆలోచించలేదు, కుడిచెయ్యి ఇంకా జేబులోనే ఉంది. ఎడమ చెయ్యి పని నేర్చిన చెయ్యి కాదు, బిగువుగా ఉన్న ఇరుసు నట్టును అది కదిలించగలిగేది కాదు, అందుకని మొదట ఆ చేత్తో ఊరికే పట్టు చూసుకుని తరువాత రెండు చేతులూ వెయ్యాలనుకున్నాడు. స్పానరు నట్టుకు తగిలించి విప్పే వైపు కొద్దిగా నొక్కాడు. నట్టు తిరిగింది. సీసా మూత తిరిగినట్టు, ఏ అభ్యంతరమూ చెప్పకుండా తిరిగింది.

హెబ్రోను స్పానరు తీసేసి దాని నోరు చూశాడు, సరిగ్గానే ఉంది. నట్టు చూశాడు. మర అరిగిందా? అరగలేదు, ఈ నట్టును తనే ఏరి పెట్టాడు. కాలవ అవతల కొంగ ఒకటి ఒంటికాలి మీద నిలబడి ఉంది. ఇందాక తొందరలో సరిగ్గా బిగించి ఉండడు, అంతే. జేబులోంచి కుడిచెయ్యి తీశాడు. వేళ్ళ కొనలు ఎప్పటిలాగే ఉలెన్ గుడ్డ తొడిగినట్టున్నాయి. స్పానరు పట్టుకున్నాడు, పట్టుకున్నట్టు వేళ్ళు చెప్పలేదు, కళ్ళు చెప్పాయి. పళ్ళు బిగబట్టి, భుజం వంచి, ముంజెయ్యి వణికేదాకా బిగించాడు. ఇక చాలు, ఇంతకు మించి తిరగదు అనిపించే చోటు ఒకటి ఉంటుంది, ముప్ఫయ్యేళ్ళుగా ఆ చోటు అతనికి తెలుసు, అది రాగానే ఆగాడు. చూశాడు. ఆరీ ఆరని పసుపు గీత వచ్చి తన కింది సగంతో కచ్చితంగా కలుసుకుంది. వెంట్రుకవాసి ఎడం లేదు. విప్పి మళ్ళీ బిగించినా, అదే మనిషి బిగిస్తే, గీత దాటదు. అదే చోటికి వస్తుంది. ఇది తన బిగువు.

అప్పుడు స్పానరును ఎడమచేతికి మార్చుకున్నాడు. ఆ పని చెయ్యడానికి కాసేపు పట్టింది. ఏమీ రాని చెయ్యి, అన్నం కలపడం కూడా తెలియని చెయ్యి. తోసింది. నట్టు ఇంకా తిరిగింది, మెల్లగా, బరువుగా, నిజమైన బిగువు ఎక్కుతూ తిరిగింది, గీతను దాటి కొంచెం దూరం పోయి ఆగింది. వడ్లగింజంత.

మాగ్నెటో నట్ల దగ్గరికి మోకాళ్ళ మీదే జరిగాడు. వాటిని కుడిచేత్తో లాగి చూశాడు, రాయిలా ఉన్నాయి. ఎడమచేత్తో లాగాడు, రాయే. వెనక చక్రం దగ్గర చూశాడు, హ్యాండిల్ కింద చూశాడు, సీటు స్ప్రింగుల దగ్గర చూశాడు. ఎక్కడ తన గీత ఉందో అక్కడల్లా గీత దాటి ఉంది, అన్నీ బిగిసే వైపే, అన్నీ అంతే ఎడం. దొంగతనం చేసేవాడికి సీటు స్ప్రింగు బోల్టులతో ఏం పని?

తరువాత ఆలోచనలు వరసగా రాలేదు. సగం గ్లాసు కాఫీ. నిండా పోస్తే ఒలుకుతుంది. పళ్ళెంలో చిన్న చిన్న గాజు గిన్నెలు, ఒక ఆదివారం వాటిలో ఒకటి రెండు గలగలమన్నట్టు గుర్తు, పాస్టరుగారు కళ్ళు మూసుకుని ప్రార్థనలో ఉన్నారనుకున్నాడు. 'సర్ది తాళమేసుకోనొస్తా.' ఖాళీ షెడ్డులో దీపం పెట్టుకుని ఆ మనిషి ఒక్కొక్క నట్టు దగ్గరా కూర్చుని, బావ బిగించినదాన్ని మళ్ళీ బిగించడం. గీతలు జరుగుతాయని తెలియదా వాడికి? తెలుసు, గీత పెట్టడం కూడా తను నేర్పిందే. తుడిచి కొత్తది గీసి ఉండొచ్చు, గీసి ఉంటే ఈ జన్మకు తెలిసేది కాదు. ఎందుకు గియ్యలేదు? ఆ గీతలు బావవని వదిలేశాడా, లేక ఏదో ఒక రోజు బావ తనంతట తనే చూసుకోవాలని అలా ఉంచాడా? ఏదైనా సరే, వాడి మీద కోపం తగ్గలేదు, ఇంకా పెరిగింది, దొంగయినా బాగుండేది, దొంగ ముందు తను నిటారుగా నిలబడగలడు. వీళ్ళందరూ, పెళ్ళాం, బామ్మర్ది, పాస్టరుగారు, ఎన్ని నెలలుగా తన చేతి గురించి తనతో తప్ప అందరితో మాట్లాడుకుంటున్నారు. తనకు తెలియదని అనుకుంటున్నారా? తనకు తెలుసా? వానాకాలంలో ఒకనాడు గుండీ పెట్టుకుంటుంటే వేళ్ళు మాట వినలేదు, ఆ రోజునుంచి చెయ్యి జేబులో ఉంది. చెయ్యి జేబులో పెట్టుకున్నవాడికి తెలియకుండా ఎలా ఉంటుంది? నిరుడు చైనా యుద్ధం వచ్చినప్పుడు ట్రంకురోడ్డు మీద అందరూ 'మళ్ళా పిలుస్తారు హెబ్రోనన్నా, సిద్ధంగా ఉండు' అని ఎగతాళి చేస్తే నవ్వాడు, అప్పుడు రెండు చేతులూ బయటే ఉన్నాయి.

ఈ బండి మీద కామాక్షయ్య కూర్చుంటాడు. ఆయన కూతుర్ని ముందు కూర్చోబెట్టుకుని ఇసక దిబ్బల మీద పోతానని ఉత్సాహంగా చెప్పాడు. తన బిగువు మీద పోయి ఉంటే? పంజాబీ కుర్రవాడి మొహం గుర్తు తెచ్చుకోబోయాడు, రాలేదు. ఇన్నేళ్ళూ గుర్తున్నది గీత ఒక్కటే.

"అదిగో వస్తుండారన్నా నీ వాళ్ళు," అని మస్తానమ్మ గంప సర్దుకుంది.

రెండు పడవలను జతకట్టి పైన పలకలు పరిచిన బల్లకట్టు ఒడ్డు వెంబడి వస్తోంది. చిన్నపోలయ్య గెడ వేస్తున్నాడు, గెడ ఒక వైపు దిగితే మనిషి ఇంకో వైపు వాలుతున్నాడు. ప్రకాశం పంచె మోకాళ్ళ పైకి ఎగ్గట్టుకుని నీళ్ళలోకి దూకి తాడు లాక్కుంటూ ఒడ్డెక్కాడు. చొక్కా చెమటకు ఒంటికి అతుక్కుపోయింది.

"తొందరగా రాలేకపోయినా బావా. ఇంట్లో లేడు. తోపులో కల్లుకుండకాడ ఉండాడు. తలమీద నీళ్ళు కుమ్మరించి లేపుకోనొచ్చినా."

"నేనేం తాగలా," అన్నాడు చిన్నపోలయ్య నీళ్ళలోంచి. "వాసన చూస్తుంటి."

"వాసనకే ఇట్టుంటే బండి ఎక్కించినాంక మనమందరం చేపలకాడికే," అంది మస్తానమ్మ. "నన్ను ముందు దించేసి రాండి, ఆనక మీ బండి."

ప్రకాశం నవ్వలేదు. అతని కళ్ళు ముందు చక్రం మీదికి పోయి, ఇరుసు దగ్గర ఒక్క క్షణం ఆగి, పక్కకు తప్పుకున్నాయి. ఎంత మామూలుగా తప్పుకున్నాయంటే, చూసేవాడు ఎదురు చూస్తూ ఉంటే తప్ప కనపడదు. హెబ్రోను ఎదురు చూస్తూ ఉన్నాడు. ప్రకాశం చొక్కా కింద, పంచె మడతలో, ఏదో స్పానరంత పొడుగాటిది దోపి ఉంది.

"అది బిగించినావా బావా? దార్లో వణికింది గదా."

"బిగించినా."

"ఇంకేం. నువ్వు పోయి బల్లకట్టు మీద కూచో, ఆ పలకలు గట్టిగా ఉండాయో లేదో చూడు. ఈ పోలయ్యను నమ్మేదానికి లేదు. నేను బండి తోసుకోనొస్తా."

పోవచ్చు. పోయి పలకల మీద కూర్చుని అవతలి ఒడ్డు కేసి చూస్తూ ఉంటే, వెనకాల ఒక చిన్న చప్పుడవుతుంది, బండి వస్తుంది, కామాక్షయ్య మెచ్చుకుంటాడు, సాయంత్రం సగం గ్లాసు కాఫీ, తరువాత మళ్ళీ సగం. రేపు షెడ్డు, ఎల్లుండి షెడ్డు. ఎవరూ ఎప్పటికీ ఏమీ అనరు. హెబ్రోను రెండడుగులు నీళ్ళవైపు వేశాడు కూడా. మడమల కింద ఇసక వెచ్చగా ఉంది. ఆగాడు.

"పోను," అన్నాడు. "నా ముందరే బిగించు."

ప్రకాశం మొహం నిజంగానే పాలిపోయింది.

"ఏంది బావా బిగించేది? నువ్వు బిగించినావు గదా."

చిన్నపోలయ్య గెడ ఆపాడు. మస్తానమ్మ నమలడం ఆపింది. ప్రకాశం కాలి బొటనవేలితో ఇసకలో ఏదో గీకుతూ తల దించుకుని నిలబడ్డాడు, పట్టుబడ్డవాడు నిలబడ్డట్టే. హెబ్రోను వెనక్కి నడిచి బండి ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. కుడిచేత్తోనే స్పానరు అందుకున్నాడు. అది ఒకసారి ఇసకలో పడింది, తీసి, అందరూ చూస్తుండగా నట్టుకు తగిలించి, చెయ్యి తీసేశాడు.